చిట్టా

సోమవారం పొద్దున్న కూర్మమ్మ
కత్తితో పాటు ఒక కవరు కూడా తెచ్చింది.
కాటా పక్కన నా బల్ల మీద పెట్టి
"సూడు బావూ, బేంకోలు ఏటేటో అడుగుతన్నారు" అంది.

ఏటేటో కాదు, మూడే అడిగారు.
ఆర్నెల్ల జీతం చీటీలు.
జీతం పడిన పాసుబుక్కు.
కంపెనీ ముద్రతో ఒక ఉత్తరం,
ఫలానా మనిషి మా దగ్గర ఫలానా పని అని.

పలాసలో జీడిపప్పుకి గ్రేడుంది, నంబరుంది,
డబ్బా మీద తేదీ ఉంది.
ఒలిచిన మనిషికి చీటీ లేదు.
శనివారం సాయంత్రం నేనే ఇస్తాను డబ్బు,
పాత పేపరు ముక్కలో మడిచి
పైన పెన్సిలుతో ఒక అంకె వేసి.
ఇల్లు చేరేలోపు ఆ కాయితం
ఉప్పుకో, పకోడీకో, గుంటడి ముక్కుకో పోతుంది.

పదకొండేళ్ళుగా ఆమె పేరు రాస్తున్నాను ఈ చిట్టాలో.
పేరుకెదురుగా కిలోలు.
పది. పదిన్నర. తొమ్మిది ముప్పావు.
నాలుగు అని ఉన్న రోజు గుంటడికి జ్వరం.
పన్నెండేసి ఉన్న ఆ వారమంతా
ఇనప ఊచలు కొనాలని పంతం.
తిత్లీ తర్వాత పంతొమ్మిది రోజులు ఖాళీ,
ఆ ఖాళీల మీద రేకులు లేచిపోయిన చప్పుడు
నాకిప్పటికీ వినబడుతుంది.
ఇది రుజువు కాకపోతే మరేటి?
ఈ పుస్తకంలో నా పేరూ ఎక్కడా లేదనుకోండి,
చేతిరాత తప్ప.

షావుకారు చెడ్డవాడేం కాడు.
కూర్మమ్మ అత్త పోతే కర్రలకు డబ్బిచ్చాడు.
ముద్ర అనేసరికి మాత్రం
"ఒకర్తికిస్తే అరవై మందికివ్వాల,
అరవై మందికిస్తే పీయఫ్ వాడొచ్చి గుమ్మంలో కూకుంటాడు" అన్నాడు.
తర్వాత ఫ్యాను ఇంకాస్త పెంచుకున్నాడు.

మంగళవారం కాశీబుగ్గ బ్యాంకుకి తోడెళ్ళాను.
ముందు వేలిముద్ర. మిషను ఎర్రగా మెరిసి కాదంది.
జీడి చమురు తినేసిన వేళ్ళు,
వాటి గీతలు ఎప్పుడో పప్పుతో పాటు
డబ్బాల్లోకెక్కి ఏ ఊళ్ళకో వెళ్ళిపోయాయి.
ఆఫీసరు కుర్రాడు, కొత్తగా వచ్చినట్టున్నాడు,
తన రుమాలుతోనే తుడిచి
ఒక్కొక్క వేలూ పెట్టించాడు.
తొమ్మిదోదానికి పచ్చగా వెలిగింది.
ఎడమ చేతి ఉంగరం వేలు.
కూర్మమ్మ పరీక్ష పాసైన పిల్లలా నవ్వింది.

"ఎక్కడ చేస్తారమ్మా?"
"పిక్కల ఫేక్టరీల."
"కాయితం?"
ఆమె పది వేళ్ళూ బల్ల మీద పరిచింది.
అతను చూశాడు. చాలాసేపే చూశాడు.
కంప్యూటరులో వాటికి గడి లేదు.
వృత్తి దగ్గర ఏదో ఒకటి పడాలి గనక
గృహిణి అని కొట్టాడు.

రెండు సెంట్ల పట్టా,
మోకాలెత్తున ఆగిపోయిన పునాది,
వానకి తుప్పు పట్టకుండా పాత చీర చుట్టిన ఊచలు,
గృహిణి.

తిరుగు ఆటోలో ఆమె అడిగింది,
"గృహిణంటే ఏటి బావూ,
దానికి జీతమెంతుంటాది?"
రైలు గేటు పడింది.
గూడ్సు పెట్టెలు లెక్కపెడుతున్నట్టు
అటు తిరిగి కూర్చున్నాను.

రాత్రి చిట్టాలన్నీ అటక మీంచి దించాను.
రెండిటిని చెదలు తినేశాయి.
మిగిలినవి కూడితే
ఇరవై రెండు వేల నాలుగు వందల ఆరు కిలోలు.
మళ్ళీ కూడితే పావు కిలో తేడా వచ్చింది,
ఆమెకే కలిపాను.
తెల్ల కాయితం మీద ఒబ్బిడిగా దించి
పైన కంపెనీ పేరు రాసి
కింద ఇంత జాగా వదిలాను.

ముద్ర సొరుగులో ఉంటుంది.
సొరుగు తాళం నా మొలతాడుకి ఉంటుంది.
ప్యాడు ఎండిపోయి ఉంది.
రెండు చుక్కలు నీళ్ళు చల్లి మూత పెట్టాను.
పొద్దున్నకి నానుతుంది.